ప్యాడ్లు కూతురికి, కట్టు తల్లికి: ఒక ఫిగర్ స్కేటింగ్ కేస్ స్టడీ

ఫిగర్ స్కేటింగ్ చేసేవాళ్ళు ప్యాడ్లు వేసుకోవాలా వద్దా అని నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది పిల్లల తల్లిదండ్రులే. డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు తెలుగు కుటుంబాలు పెరిగినకొద్దీ ఐస్ రింకుల్లో మన పిల్లలూ పెరిగారు. స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టుగా నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: పడుతున్నది ఎవరు, మంచుకి తగులుతున్నది ఒంట్లో ఏ భాగం? అది తేల్చుకోకుండా ప్యాడ్లు కొంటే డబ్బు ఒకచోట, దెబ్బ ఇంకోచోట అవుతుంది. ఈ కేసులో అదే జరిగింది. ఒకే ఇంట్లో తల్లీ కూతురూ, వెళ్ళేది ఒకే రింకుకి. ఇద్దరి అనుమతితో, వాళ్ళని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

తల్లి

మొదట నా దగ్గరికి వచ్చింది తల్లే. వయసు 43, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురి క్లాసు అయ్యేదాకా చలిలో బెంచీ మీద కూర్చోలేక తనూ పెద్దవాళ్ళ క్లాసులో చేరింది. ముందుకి స్కేట్ చేయడం బాగానే వచ్చింది. వెనక్కి స్కేట్ చేయడం నేర్చుకుంటూ బరువు మడమల మీదికి పోయి వెల్లకిలా పడింది. పడేటప్పుడు రెండు చేతులూ వెనక ఆనించింది. ఎడమ మణికట్టు దగ్గర రేడియస్ ఎముక విరిగింది. ఆపరేషన్ అవసరం పడలేదు. కట్టు విప్పాక చెయ్యి బిగుసుకుపోయి, పప్పు గిన్నె కూడా దించలేని స్థితిలో వచ్చింది.

మణికట్టు చికిత్సలో కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. కదలిక, తర్వాత పట్టు, ఆ తర్వాత బరువు, మామూలు క్రమమే. నన్ను ఆలోచనలో పడేసింది పడిన తీరు. "తల తగిలిందా అమ్మా?" అని అడిగితే, "లేదండీ, చేతులు పెట్టాను కదా, తల కిందికి రాకుండానే ఆగింది" అంది. అంటే ఆవిడ తలని కాపాడింది విరిగిన ఆ చెయ్యే. పడేటప్పుడు చేతులు పెట్టకూడదని పుస్తకంలో రాసినట్టు చెప్పడం తేలిక. వెల్లకిలా పడుతున్న కొత్త మనిషి ఆ మాట ఒక్కటే పట్టుకుంటే, ఈసారి మంచుకి తగిలేది తల వెనక భాగం.

"మరి ప్యాడ్లు ఏమైనా వాడుతున్నారా?" అన్నాను. "పాపకి కొన్నానండీ, చాలా మంచివి" అంది. తనకి? ఆ ఆలోచనే రాలేదట.

కూతురు

పాపకి 12 ఏళ్ళు. ఆరేళ్ళప్పటి నుంచి స్కేటింగ్. సింగిల్ ఆక్సెల్ (ముందుకి ఎగిరి గాల్లో ఒకటిన్నర చుట్లు తిరిగే జంప్) వచ్చేసింది, గాల్లో రెండు చుట్లు తిరిగే చిన్న డబుల్ జంపులు రెండు నిలబడ్డాయి, ఇప్పుడు డబుల్ లూప్ అనే జంప్ నేర్చుకుంటోంది. లూప్‌లో ఎగిరేదీ దిగేదీ ఒకే కాలి బ్లేడు బయటి అంచు మీద. అపసవ్యంగా తిరిగే స్కేటర్‌కి అది కుడి కాలు. ఈ పాప గాల్లో తిరగడం పూర్తి కాకముందే దిగి, ప్రతిసారీ కుడి తుంటి మీదే పడేది.

వాళ్ళమ్మ ఫోన్‌లో చూపించిన ఫొటోలో అరచేయంత మేర కమిలి ఉంది. కమిలినచోట పాత పసుపు మీద కొత్త నీలం, అంటే ఒకటి మానకముందే ఇంకొకటి. తీసుకురమ్మన్నాను. చేత్తో చూస్తే తుంటి పక్కన చర్మం కింద ద్రవం కదులుతున్నట్టు అనిపించింది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ పడి జారితే, కొవ్వు పొరకీ దాని కింది గట్టి పొరకీ మధ్య సందు విడిపోయి అందులో రక్తం, ద్రవం చేరొచ్చు. పైకి మామూలు కమిలినట్టే కనిపిస్తుంది గానీ తనంతట తాను త్వరగా పోదు. వెంటనే పిల్లల స్పోర్ట్స్ డాక్టరు దగ్గరికి పంపాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఎదిగే వయసులో తుంటి నొప్పి అంటే పడిన దెబ్బే అనుకుని ఊరుకోకూడదు. ఈ వయసులో తొడ ఎముక తల ఎదుగుదల పొర దగ్గర జారిపోయే జబ్బు ఒకటుంది. నొప్పి కొన్నిసార్లు తుంటిలో కాకుండా మోకాలిలో తెలుస్తుంది. కండరం ఎముక ముక్కని లాగేసే గాయాలూ ఉంటాయి. కుంటుతూ నడుస్తుంటే, తుంటిని లోపలికి తిప్పడం తగ్గిపోతే, ఎక్స్‌రే లేకుండా ఏ సలహా ఇచ్చినా అది ఊహే. ఈ పాప ఎక్స్‌రే బాగుంది. అల్ట్రాసౌండ్‌లో చిన్న ద్రవం గుంట కనిపించింది. సూది వేసి తీయాల్సినంత కాదు. బిగుతు షార్ట్స్ వేసుకుని కొన్నాళ్ళు జంపులు మానేస్తే తగ్గింది. స్పిన్లు, అడుగుల సాధన ఆపలేదు.

గుంటూరులో ఉండే అమ్మమ్మకి వాట్సాప్‌లో ఈ ఫొటో వెళ్ళింది. "మంచు మీద ఆ గెంతులెందుకే, కూచిపూడి నేర్పించకూడదా" అని ఆవిడ కూతురికి క్లాసు పీకిందట. కూచిపూడి పిల్లల మోకాళ్ళు, మడమలు కూడా నా దగ్గరికే వస్తాయని నేను చెప్పలేదు.

కొన్న ప్యాడ్లు బీరువాలోనే

ఇంతకీ ఆ మంచి ప్యాడ్లు ఏమయ్యాయంటే, బీరువాలో ఉన్నాయి. తుంటికి, తోక ఎముకకి, తొడకి కలిపి కుట్టేసిన మందపాటి ఫోమ్ షార్ట్స్. పాప రెండుసార్లు వేసుకుని మానేసింది. "లావుగా కనిపిస్తున్నా అంకుల్, కాళ్ళు దగ్గరికి రావట్లేదు" అంది. రెండో మాట నిజమే. గాల్లో తిరిగేటప్పుడు తొడలు బిగించి కాళ్ళు పెనవేసుకోవాలి. తొడ లోపలి వైపు దాకా కుట్టు ఉన్న ఫోమ్ అక్కడ అడ్డం పడుతుంది.

ముసలివాళ్ళ తుంటి ప్రొటెక్టర్ల మీద జరిగిన పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. వృద్ధాశ్రమాల్లో వాటివల్ల తుంటి ఎముక విరగడం కొంత తగ్గినట్టు తేలింది. ఇళ్ళలో ఉండే పెద్దవాళ్ళలో ఆ లాభం అంతగా కనిపించలేదు. చాలామంది వాటిని వేసుకోకుండా పక్కన పడేయడం దీనికి ఒక ముఖ్య కారణం. అందుకే నేను ప్యాడ్ ఎంత దెబ్బ ఆపుతుందని కాకుండా, ఈ పిల్ల దీన్ని వారం పొడుగునా వేసుకుంటుందా అని ముందు అడుగుతాను.

కోచ్ అభ్యంతరం వేరు. ఆవిడ స్వయంగా పోటీల్లో స్కేట్ చేసిన మనిషి, పట్టుదల ఎక్కువ. ఆవిడ మాటల సారాంశం: ప్యాడ్ ఉంటే పిల్ల పడటానికి అలవాటు పడుతుంది, జంప్ మధ్యలో సందేహం రాగానే గట్టిగా బిగించి దిగడం మానేసి హాయిగా కూలబడుతుంది, పైగా బరువుతో తిరగడం నెమ్మదిస్తుంది.

చివరి మాట తేల్చడం తేలిక. ఒక్కో ప్యాడ్ సుమారు వంద గ్రాములు అనుకుందాం. అది ఉండేది శరీరం తిరిగే అక్షానికి పది పదిహేను సెంటీమీటర్ల దూరంలో. దాని ప్రభావం ఆ దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, చాచిన చేతిలో ఆ బరువే ఉంటే తేడా గట్టిగా తెలిసేది గానీ తుంటి దగ్గర లెక్క వేస్తే ఒక శాతం అటూ ఇటూ. చేతులు ఒక్క క్షణం ఆలస్యంగా దగ్గరికి లాక్కుంటే పోయే వేగం దీనికంటే చాలా ఎక్కువ. కాళ్ళ మధ్య మందం మాత్రం లెక్కలోకి తీసుకోవాల్సిందే, అక్కడ కోచ్‌తో ఏకీభవించాను.

అలవాటు సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. ధైర్యం పెరిగితే కొందరు పిల్లలు జంపుని మధ్యలోనే వదిలేస్తారు, అది నేను చూశాను. కానీ దానికి రెండో వైపు కూడా ఉంది. కమిలిన తుంటితో ఎగిరే పిల్ల అదే చోట పడకుండా ఉండాలని గాల్లోనే ఒళ్ళు వంచేస్తుంది, తిరగడం ముందే ఆపేస్తుంది. ఈ పాప వీడియోల్లో గాయం ముదిరిన వారాల్లో అదే కనిపించింది. భయంతో తెరుచుకునే జంపుకి కోచ్ ఎన్నిసార్లు "బిగించు" అని అరిచినా లాభం లేదు.

ప్యాడ్ చేసే పని ఎంత

పన్నెండేళ్ళ పిల్ల తుంటి నేలకి దాదాపు డెబ్భై సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా పడితే మంచుని తాకే వేగం సెకనుకి సుమారు 3.7 మీటర్లు, అంటే గంటకి 13 కిలోమీటర్లు. ఆ వేగం ఎంత దూరంలో సున్నా అవుతుందన్నదే దెబ్బ తీవ్రతని తేలుస్తుంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కునేది ఈ దూరం పెంచుకోవడానికే. మంచు నొక్కుకోదు. కండ, కొవ్వు కలిపి రెండు సెంటీమీటర్లు అణిగాయనుకుంటే, ప్యాడ్ ఇంకో సెంటీమీటరు ఇస్తే తగిలే బలం మూడో వంతు తగ్గుతుంది. ఇది మోటు లెక్క. మెత్తటి ఫోమ్ దెబ్బకి పూర్తిగా నలిగి అడుగు అంటేస్తే ఆ సెంటీమీటరు కూడా దక్కదు. అందుకే ఇప్పుడు వచ్చే పల్చటి ప్యాడ్లలో మామూలుగా మెత్తగా ఉండి దెబ్బ తగిలినప్పుడు గట్టిపడే పదార్థం వాడుతున్నారు. కొన్ని ఫోములు చలికి బిగుసుకుంటాయి కాబట్టి రాత్రంతా కారు డిక్కీలో వదిలేసిన ప్యాడ్లతో రింకు మీదికి వెళ్ళొద్దని చెబుతాను.

మూడో వంతు తగ్గడం చిన్న విషయం కాదు, కానీ అది చర్మం, కొవ్వు, తోక ఎముక, తుంటి పక్క ఎముక వరకే. స్కేటర్లని ఎక్కువకాలం మంచుకి దూరం చేసే గాయాలు చాలావరకు పడకుండానే వస్తాయి. డబుల్, ట్రిపుల్ జంప్ దిగేటప్పుడు ఒక్క కాలి మీద శరీర బరువుకి ఐదు రెట్లు, అంతకంటే ఎక్కువ భారం పడుతుంది. బూటు గట్టిగా ఉండటంతో చీలమండ వంగదు, ఆ భారాన్ని మోకాలు, తుంటి, నడుమే పంచుకోవాలి. నడుం వెనక్కి విరుస్తూ దిగే పిల్లల్లో వెన్నుపూసలో సన్నటి బీట, మోకాలి చిప్ప కింద నొప్పి, పాదం ఎముకల్లో ఒత్తిడి బీటలు ఇలా వచ్చేవే. వీటికి ఏ ప్యాడూ పనిచేయదు. ఇక్కడ తగ్గించాల్సింది జంపుల సంఖ్య.

కోచ్‌తో నేను గట్టిగా పట్టుబట్టింది ఆ విషయంలోనే. నెమ్మదిగా తిప్పిన వీడియోలు ముగ్గురం కలిసి చూశాం. పాప పడిన వాటిలో చాలావరకు సెషన్ చివర్లోనే. అప్పటికి కుడి మోకాలు లోపలికి కూలుతోంది, దిగాక నిలబడే ఓపిక లేదు. క్లినిక్‌లో ఒంటికాలి మీద స్క్వాట్ చేయిస్తే అదే మోకాలు అలాగే కూలింది. ప్యాడ్ సంగతి పక్కనబెట్టి ముందు ఇది దిద్దాం: తుంటి పక్క కండరాలకి వ్యాయామం, చిన్న బల్ల మీద నుంచి ఒంటికాలితో దిగి నిలబడటం, సెషన్‌లో డబుల్ లూప్‌కి పరిమితి, అదీ మొదటి సగంలోనే. పోల్ హార్నెస్ (కోచ్ పట్టుకునే కర్రకి తాడుతో కట్టి పిల్ల నడుముకి వేసే పట్టీ) ఉన్న రోజుల్లో కోచ్ పట్టుకుని ఎగిరించేది, అప్పుడు పడే ప్రశ్నే లేదు.

ప్యాడ్ విషయంలో కుదిరిన ఒప్పందం ఇది. మొత్తం షార్ట్స్ వద్దు. కుడి తుంటి మీద, తొడ ఎముక బయటికి పొడుచుకొచ్చే చోట సరిగ్గా కూర్చునే పల్చటి ప్యాడ్ ఒక్కటి, లెగ్గింగ్స్ లోపల జేబులో. డబుల్ లూప్ సాధనకి మాత్రమే. వచ్చేసిన జంపులకీ, పోటీలో చేసే ప్రదర్శన (ప్రోగ్రాం) మొత్తం చేసేటప్పుడూ తీసేయాలి. నల్ల లెగ్గింగ్స్ కింద అది కనిపించదు కాబట్టి పాప ఒప్పుకుంది. లూప్ వచ్చాక ప్యాడ్ తీసేయాలనే షరతు మీద కోచ్ కూడా ఒప్పుకుంది.

మళ్ళీ తల్లి దగ్గరికి

ఈ ఇంట్లో అసలు ప్రమాదం తల్లిదని నా అభిప్రాయం. పన్నెండేళ్ళ స్కేటర్‌కి పడటం వచ్చు: మోకాళ్ళు వంచి, పక్కకి, పిర్ర మీద, చేతులు లోపలికి, గడ్డం ఛాతీకి ఆనించి, మంచు మీద జారిపోతూ. ఏళ్ళ తరబడి పడి నేర్చుకున్న విద్య అది. పెద్దవయసులో మొదలుపెట్టినవాళ్ళు నిటారుగా, బిగుసుకుపోయి, చేతుల మీదో తల మీదో పడతారు. ఎత్తు ఎక్కువ, బరువు ఎక్కువ, ఎముక పాతది. నిలబడ్డ మనిషి తల అంత ఎత్తు నుంచి జారవిడిచిన వస్తువు మంచుని గంటకి 20 కిలోమీటర్ల వేగంతో తాకుతుంది.

చేతికి గార్డు విషయంలో మంచు మీద కాకపోయినా చక్రాల స్కేట్ల మీద మంచి ఆధారం ఉంది. అమెరికాలో ఇన్‌లైన్ స్కేటింగ్ గాయాల మీద 1996లో వచ్చిన అధ్యయనంలో, మణికట్టు గార్డు లేనివాళ్ళకి మణికట్టు గాయం అయ్యే అవకాశం పెట్టుకున్నవాళ్ళ కంటే సుమారు పది రెట్లు ఉన్నట్టు తేలింది. గార్డులోని గట్టి పలక రెండు పనులు చేస్తుంది. చెయ్యి వెనక్కి విరగకుండా ఆపుతుంది, అరచెయ్యి నేలకి అతుక్కోకుండా జారనిస్తుంది. మంచు మీద ఆ జారడం ఇంకా సులువు. స్నోబోర్డింగ్ వాళ్ళు గ్లవ్స్ లోపల పెట్టుకునే రకం ఆవిడకి నచ్చింది, పైకి కనిపించదు కదా.

హెల్మెట్ మాత్రం పెద్ద పంచాయితీ. "ఈ వయసులో హెల్మెట్ పెట్టుకుని తిరిగితే అందరూ నన్నే చూస్తారండీ." ఐదేళ్ళ పిల్లల క్లాసులో అందరికీ హెల్మెట్లుంటాయి, వాళ్ళకంటే మీ తల ఎత్తులో ఉంది అన్నాను. ఇంట్లో ఉన్న సైకిల్ హెల్మెట్ చాలదా అని అడిగింది. సైకిల్ హెల్మెట్ లోపలి ఫోమ్ ఒక్క పెద్ద దెబ్బకి నలిగిపోవడానికి చేసింది, ఆ తర్వాత అది పారేయాల్సిందే. రింకు మీద పదే పదే పడతాం కాబట్టి ఐస్ హాకీ హెల్మెట్ సరైనది. తల వెనక భాగాన్ని కూడా అది బాగా కప్పుతుంది. మెత్తటి హెడ్‌బ్యాండ్లు అమ్ముతున్నారు, బొప్పి కట్టకుండా ఆపొచ్చు గానీ హెల్మెట్‌కి సాటిరావు. హెల్మెట్ కూడా పుర్రె పగలకుండా కాపాడినంతగా కన్కషన్ని, అంటే మెదడు అదిరే గాయాన్ని, ఆపలేదు, ఆ సంగతి దాచకుండా చెప్పాను. పడ్డాక తలనొప్పి, వాంతి, మత్తు, మాట తడబాటు ఉంటే హెల్మెట్ ఉందిగా అని ఇంట్లో కూర్చోకూడదు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. ఫిగర్ స్కేటింగ్‌నీ షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్‌నీ నడిపేది ఒకే సంస్థ, అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్. షార్ట్ ట్రాక్‌లో హెల్మెట్, మెడ రక్షణ, కోత పడని గ్లవ్స్ తప్పనిసరి. ఫిగర్ స్కేటింగ్‌లో అవేవీ లేవు. 1996లో రష్యన్ జోడీ స్కేటర్ ఎలెనా బెరెజ్నయా తలకి పక్కపక్కన స్పిన్ చేస్తున్న భాగస్వామి బ్లేడ్ తగిలి పుర్రె చిట్లింది. కోలుకుని 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో కొత్త భాగస్వామితో స్వర్ణం గెలిచింది. 2004లో పిట్స్‌బర్గ్‌లో తాత్యానా తోత్మియానినా తలపైకెత్తే లిఫ్ట్ నుంచి నేరుగా మంచు మీద పడి స్పృహ తప్పింది. ఆమె కూడా 2006 టురిన్‌లో స్వర్ణం గెలిచింది. వాళ్ళు మళ్ళీ లేచి గెలిచారు కాబట్టి ఆ కథల్ని ధైర్యానికి ఉదాహరణలుగా చెప్పుకుంటాం. పోటీలో హెల్మెట్ పెట్టాలని నేను వాదించను. కొత్త లిఫ్ట్ నేర్చుకునే రోజుల్లో, సాధనలో పెట్టుకోవడానికి అడ్డం వచ్చేది మాత్రం అలవాటు తప్ప ఇంకేమీ కనిపించదు. తుంటి ప్యాడ్ల గురించి అంత వాదించుకునే రింకుల్లో తల గురించి ఎవరూ మాట్లాడరు.

తల్లికి క్లినిక్‌లో మందపాటి చాప మీద పడటం నేర్పించాం. ముందు గొంతుక్కూర్చున్న ఎత్తు నుంచి, తర్వాత సగం లేచి. చేతులు పిడికిలి బిగించి ఛాతీకి దగ్గరగా, పక్కకి వాలి, దొర్లి. మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయింది, తర్వాత బాగా చేసింది. అంత తేలిగ్గా ఎముక ఎందుకు విరిగిందో ఒకసారి చూడమని ఆవిడ డాక్టరుకి రాశాను. విటమిన్ డి తక్కువగా ఉంది, మాత్రలు మొదలయ్యాయి.

ఇప్పటి పరిస్థితి

పాప తుంటిలో ద్రవం మళ్ళీ చేరలేదు. డబుల్ లూప్ వచ్చింది. తిరగడం కొద్దిగా తక్కువవుతోందని జడ్జీలు పాయింట్లు కోస్తున్నా, నిలబడి దిగుతోంది. ఇందులో ప్యాడ్ పాత్ర ఎంత, ఒంటికాలి వ్యాయామాల పాత్ర ఎంత అంటే, నా ఓటు వ్యాయామాలకీ జంపుల పరిమితికీ. ప్యాడ్ వల్ల పాత గాయం మానేదాకా పిల్ల భయపడకుండా ఎగరగలిగింది. అంతవరకే దానికి మార్కులు.

తల్లి మళ్ళీ మంచు ఎక్కింది. మణికట్టు గార్డులు ఎప్పుడూ వేసుకుంటోంది. మోకాళ్ళకి కూడా ప్యాడ్లు కొనుక్కుంది, అది నేను చెప్పలేదు. హెల్మెట్ మాత్రం క్లాసులో పెట్టుకుంటుంది, వారాంతపు పబ్లిక్ సెషన్లో తీసేస్తుంది. అక్కడ తెలిసినవాళ్ళుంటారట. నిజానికి ఎవరు ఎటునుంచి వచ్చి గుద్దుతారో తెలియని పబ్లిక్ సెషనే ఎక్కువ ప్రమాదం. ఈ మాట వచ్చిన ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను, ఆవిడ తలాడిస్తూనే ఉంది.

కోచ్ కిందటి నెల డబుల్ ఫ్లిప్ అనే ఇంకో జంప్ మొదలుపెట్టించింది. ఫ్లిప్‌లో పాప పడే తీరు వేరు, ఎక్కువగా ఎడమ పిర్ర, తోక ఎముక మీద. కుడి తుంటి ప్యాడ్ ఇక అక్కర్లేదు, తీసేశాం. తోక ఎముకకి మధ్యలో ఖాళీ ఉండే పల్చటి ప్యాడ్ ఒకటి చూడమన్నాను, బరువంతా చుట్టుపక్కల కండ మీద పడేలా. ఈసారి కొనేముందు పాపని తీసుకొచ్చి కొలత చూపించమని, రెండు వీడియోలు కూడా పంపమని తల్లికి చెప్పాను.